పిండి లేని బంక

మా ఆయన పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచేలోపే ఎదురు వెళ్ళి ఆయన నోరు వాసన చూసేదాన్ని. ఎవరైనా చూస్తే తాగుబోతు మొగుణ్ణి కట్టుకున్న ఇల్లాలు అనుకునేవారు. ఆయన టీ తప్ప మరొకటి తాగి ఎరగరు. నేను పట్టుకోవాలని చూసింది బ్రెడ్డు వాసన.

ఆయనకి సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం ఆవగింజంత లోపలికి వెళ్ళినా, ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి చిన్నపేగు లోపలి పొరని పాడుచేస్తుంది. తిన్నది ఒంటబట్టదు. అరవై మూడు కిలోల మనిషి నలభై ఆరుకి దిగిపోయారు. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టడం నా పని. ఆయన చొక్కాలన్నీ నేను కుట్టినవే కాబట్టి ఆ కిలోలు ఎక్కడెక్కడ కరిగాయో నాకు అంగుళాల్లో తెలుసు. నాలుగుసార్లు చొక్కాల పక్కలు లోపలికి మడిచి కుట్టాను. ఐదోసారి కుట్టనని మొండికేశాను. కుడితే ఒప్పుకున్నట్టు అవుతుందని భయం.

దీనికి మందు లేదు, మానెయ్యడమే మందు అన్నారు. మానేశారు. పదకొండు నెలలు గడిచాయి. రక్తపరీక్షలో పదికి లోపల ఉండాల్సిన అంకె రెండొందల దగ్గరే బైఠాయించింది. ఆ రోజు డాక్టరమ్మ కాగితం మీద నుంచి తలెత్తి ఆయన్ని కాకుండా నన్ను చూసింది.

"చూడమ్మా, ఈ అంకెకి మొహమాటం ఉండదు. రోజూ ఎంతో కొంత లోపలికి వెళ్తోంది. మీ ఇంట్లో ఎవరో ఒకరు నిజం దాస్తున్నారు."

"నేను తినట్లేదండీ" అన్నారు ఆయన.

"అందరూ అదే అంటారు" అంది ఆవిడ. "ఇంకో పది వారాలు చూస్తాను. అప్పటికీ దిగకపోతే జబ్బు మన మాట వినని దశకి వెళ్ళిందనుకోవాలి. ఆస్పత్రిలో చేర్చుకుని పెద్ద మందులు మొదలుపెట్టాలి. అవి కూడా అందరికీ పనిచెయ్యవు. ఆ తర్వాతి సంగతి ఇప్పుడొద్దు."

ఆవిడ వద్దన్న సంగతి బయట బెంచీ మీద కూర్చున్న ఒకామె చెప్పింది. వాళ్ళ అన్నయ్యకి ఇలాగే మొదలై పేగులో కాన్సర్ దాకా వెళ్ళిందట. ఆయన మాత్రం గోడకి ఆనించి ఉన్న చెక్క కుర్చీ చేతిని వేలితో తడుముతూ, "దీని అతుకు బాగా చేశాడు" అన్నారు. ఆ నిమిషంలో ఆయన్ని కొట్టాలనిపించింది.

ఆయన వడ్రంగి. తలుపులు, మంచాలు చేసే వడ్రంగి కాదు. కాగితమంత పలచగా కోసిన రకరకాల చెక్కల పొరల్ని సన్న రంపంతో ముక్కలు చేసి, ఒకదాని పక్కన ఒకటి వెంట్రుక దూరనంత దగ్గరగా పొదిగి, బల్లల మీద, పెట్టెల మూతల మీద బొమ్మలు తీర్చే పని. రంగు వెయ్యరు. చెక్కకి ఉన్న రంగే రంగు. ఒక పిట్ట మెడ దగ్గర రెండు గోధుమరంగుల్లో ఏది పెట్టాలో తేల్చుకోవడానికి ఆయనకి పూట పడుతుంది. షెడ్డులో అందరూ ఆయన్ని "నిదానం" అంటారు. అసలు పేరుతో పిలిస్తే రెండుసార్లు పిలవాలి, నిదానం అంటే ఒక్కసారికే తిరుగుతారు.

మాటల్లోనూ అంతే. నేనొక ప్రశ్న అడిగి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వస్తే అప్పుడు జవాబు వస్తుంది. నాకేమో ముక్కు మీద కోపం. "మీ ఇద్దర్నీ కలిపి రుబ్బి రెండు ముద్దలు చేస్తే ఇద్దరు మామూలు మనుషులు తయారవుతారు" అంటారు మా అత్తగారు. ఆవిడ మాతోనే ఉంటారు. మాకు పిల్లలు లేరు కాబట్టి ఇంట్లో అల్లరంతా ఆవిడదే.

జబ్బు పేరు తెలిసిన వారమే నేను కొంగు బిగించాను. పిండి డబ్బాలు, జల్లెడ, చెక్క గరిటెలు బయటికి వెళ్ళాయి. వంటింటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆయన వేసుకునే తలనొప్పి మాత్రని గట్టిపరచడానికి గోధుమ పిండి వాడారని మందుల కంపెనీ వాళ్ళని విసిగించి తెలుసుకుని మార్పించాను. పళ్ళ పేస్టు మార్చాను. నా పెదాల రంగు పారేశాను. అన్నిటికంటే నన్ను కుదిపేసింది మాత్రం నా సొంత పనే. బట్ట కత్తిరించే కాగితం నమూనాలని అట్టకి అంటించడానికి ఏళ్ళ తరబడి మైదా ఉడకబెట్టి జిగురు చేసుకుంటున్నాను. ఆ గిన్నె కడిగి అందులోనే ఆయనకి పాలు కాచిన రోజులు ఉన్నాయి. గిన్నెతో సహా పట్టుకెళ్ళి చెత్తకుండీలో వేసి వచ్చి, కుట్టుమిషను ముందు కూర్చుని ఏడ్చాను.

అత్తగారు ఒక్కరే లొంగలేదు. "నా కొడుక్కి జబ్బయితే నాకు జబ్బా? పొద్దున టీలోకి బిస్కట్టు లేకపోతే నాకు తెల్లారదు" అన్నారు. సరే, ఆవిడ బిస్కట్లకి మూత గట్టిగా ఉండే రేకు డబ్బా ఒకటి కొని, వంటింటి అటక కింద ఆఖరి అరలో పెట్టాను. ఆ డబ్బా ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కోవాలని చట్టం చేశాను. ఆవిడ చట్టాన్ని గౌరవించినట్టే కనిపించారు.

డాక్టరమ్మ గడువు పెట్టాక నా అనుమానం షెడ్డు మీద పడింది. ఇంట్లో తినకపోతే అక్కడేదో జరుగుతూ ఉండాలి. మరునాడే కాగితం, కలం పట్టుకుని వెళ్ళాను. పొడవాటి రేకుల షెడ్డు, ఆరు పనిబల్లలు, గోడ పొడుగునా అరల్లో పుస్తకాల్లా నిలబెట్టిన చెక్క పొరలు. ఆ షెడ్డు గురువుగారిది. డెబ్బై దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. మా ఆయనకి ఇరవై రెండేళ్ళ కిందట రంపం పట్టుకోవడం నేర్పింది ఆయనే. నేను అక్కడున్న ప్రతి డబ్బా మీది రాతలు చదివాను. గురువుగారు ఓపిగ్గా నా వెనకే నడిచారు.

"ఈ పొరల్ని బల్లకి అంటించే జిగురు?"

"అది కంపెనీ సరుకమ్మా. రాసి అడుగు, చెప్తారు."

"ఈ సందులు పూడ్చే లప్పం?"

"రంపపు పొట్టు, జిగురు కలిపి మేమే చేస్తాం."

"మీరేదో బంక స్వయంగా తయారుచేస్తారట?"

దానికి ఆయన కొంచెం నిటారుగా నిలబడ్డారు. "చేస్తాను. నా బంకలో చిటికెడు పిండి కూడా ఉండదు. పిండి ఉంటే పురుగు పడుతుంది, పని పాడవుతుంది. ఆ విషయంలో నన్ను నువ్వు అడగక్కర్లేదు."

పెద్దమనిషి, కళ్ళల్లోకి చూసి చెప్పారు. బంక అన్న మాట పక్కన సున్నా పెట్టుకున్నాను.

కంపెనీలకి ఉత్తరాలు రాశాను. రెండు వారాలకి ఒక ప్లైవుడ్డు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. పలకల్ని అతికించే జిగురు చిక్కబడటానికి గోధుమ పిండి కలుపుతారట. ఆ ఉత్తరాన్ని పతకంలా పట్టుకుని ఇల్లంతా తిరిగాను. దొంగ దొరికాడు! ప్లైవుడ్డు కోసేటప్పుడు లేచే దుమ్ము గొంతులోకి వెళ్తోందన్నమాట. ముక్కూ నోరూ మూసే మంచి మాస్కు కొన్నాం. ప్లైవుడ్డు కోత ఇంకో మనిషికి అప్పగించారు. తినే ముందు మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టారు. మూడు వారాలాగి సొంత ఖర్చుతో రక్తపరీక్ష చేయించాను.

అంకె నూట తొంభై.

నాకిక ఏ డబ్బా మిగల్లేదు. మిగిలింది మనిషి. ఆ రోజు నుంచే గుమ్మంలో వాసన చూడటం మొదలుపెట్టాను. చొక్కా జేబులు తిరగేసి పొడి ఉందేమో చూసేదాన్ని. ఆయన ఏమీ అనేవారు కాదు. చేతులు రెండు పక్కలకి వేలాడేసి, నా సోదా అయ్యేదాకా నిలబడేవారు. ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. తప్పు చెయ్యని మనిషైతే ఒక్కసారైనా కసురుకోడా అని నా లెక్క.

ఆరో వారంలో ఒక పొద్దున రేకు డబ్బా తీసి చూశాను. ముందు రోజు నేనే కొత్త పొట్లం విప్పి పోశాను. లెక్కకి నాలుగు బిస్కట్లు తక్కువున్నాయి. అత్తగారు టీలోకి తినేది రెండే, అదీ నా కళ్ళ ముందే. చంపిన ఈగని పట్టుకున్నట్టు డబ్బా పట్టుకుని ఆయన ముందుకి వెళ్ళాను.

"ఇవెక్కడికి వెళ్ళాయి?"

ఆయన డబ్బాలోకి చూశారు, నా మొహంలోకి చూశారు.

"నేను కాదు."

"అయితే రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

"నేను కాదు" అని మళ్ళీ అన్నారు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు. ఆ తేడా నాకు వినపడింది, దాన్నే పట్టుకున్నాను.

"చచ్చిపోదామనుకుంటున్నారా? అయితే అదేదో చెప్పి చావండి. నేనిలా రాత్రీ పగలూ కాపలా కాయక్కర్లేదు" అన్నాను. అత్తగారు గదిలో నుంచి తొంగి చూసి, తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఆయన అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. నేనన్న మాట నా చెవుల్లోనే గింగురుమంది. వెనక్కి తీసుకోలేదు.

పది గంటలకి అత్తగారికి చెప్పకుండానే షెడ్డుకి బయలుదేరాను. ఈసారి ముందు గుమ్మంలో నుంచి కాదు. పక్క సందులో పలకలు పేర్చిన చోట నిలబడితే కిటికీలో నుంచి ఆయన బల్ల కనిపిస్తుంది. నలభై ఏళ్ళు దాటిన ఆడదాన్ని, పలకల చాటున నక్కి మొగుడు ఏం తింటాడో చూస్తున్నాను. సిగ్గనిపించింది. అయినా కదల్లేదు.

పన్నెండున్నరకి గంట కొట్టారు. ఆయన చేతులు కడుక్కున్నారు, మోచేతుల దాకా. నేను పెట్టిన అన్నమే తిన్నారు. పక్క బల్ల అతను బ్రెడ్డు ముక్క తుంచుతుంటే ఆయన లేచి తన డబ్బా తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చున్నారు. టీ వచ్చింది. సొంత గ్లాసులో పోయించుకున్నారు. ఇంకేమీ లేదు. గంటసేపు రెప్ప వెయ్యకుండా చూశాను, ఇంకేమీ లేదు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన తినకపోతే, డాక్టరమ్మ చెప్పిన రెండోదే నిజం. జబ్బు మాట వినని దశకి వెళ్ళిపోయిందన్నమాట. వెళ్ళిపోదామని తిరిగినదాన్ని, ఆయన మళ్ళీ పని మొదలుపెడితే ఆగాను. పదిహేడేళ్ళలో ఆయన చేసినవి చూశాను గానీ, చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు.

ఎడమచేతి వేళ్ళతో రెండు చెక్క పొరల్ని ఒకదానికొకటి నొక్కి పట్టుకున్నారు. కుడి చెయ్యి ఆ పక్క నుంచి నెడుతోంది. రెండు చేతులూ ఖాళీ లేవు. పెదాల మధ్య నుంచి సన్నటి కాగితం పట్టీ ఒకటి వేలాడుతోంది. నాలుక దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి తడిపింది. కుడి చెయ్యి ఒక్క క్షణం వదిలి ఆ పట్టీని లాగి, అతుకు మీద అంటించి, బొటనవేలితో రుద్దింది. వెంటనే డబ్బాలో నుంచి ఇంకో పట్టీ పెదాల మధ్యకి వెళ్ళింది. మళ్ళీ నాలుక. మళ్ళీ ఇంకోటి.

నేను సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు రోజుకి ఎన్నిసార్లు నోట్లో తడుపుకుంటానో నన్ను అడిగితే చెప్పలేను. అడిగితే అసలు తడపనే తడపను అంటానేమో.

ముందు గుమ్మం దాకా ఎలా వెళ్ళానో తెలియదు. బల్ల ముందు నిలబడ్డాను.

"ఏమిటది నోట్లో?"

ఆయన పట్టీ తీసి చేత్తో పట్టుకున్నారు. నేనెక్కడి నుంచి ఊడిపడ్డానో అర్థం కాలేదు పాపం. "పట్టీ" అన్నారు. "అతుకు ఆరేదాకా విడిపోకుండా."

"దానికి ఏం పూశారు?"

"గురువుగారి బంక."

"రోజుకి ఎన్ని?"

ఆయన ఆలోచనలో పడ్డారు. పక్క బల్ల అతను అందుకున్నాడు. "వంద దాటుతాయి వదినా. పెద్ద బల్లైతే రెండొందలు."

"నోట్లోకి వెళ్ళేవన్నీ రాయమని డాక్టరమ్మ చెప్తే చీటీ నిండా రాశారే! మంచినీళ్ళ కుండ కూడా రాశారే! ఇది రాయలేదేం?"

"ఇది తినేది కాదుగా" అన్నారు. నిజాయితీగా అన్నారు.

నా గొంతుకి షెడ్డంతా ఆగిపోయింది. వెనక గదిలో నుంచి గురువుగారు వచ్చారు.

"ఏంటమ్మా గొడవ? ఆ రోజే చెప్పానుగా, అందులో పిండి లేదని."

"నాకు చేసి చూపించండి."

"అది కుదరదు. నా గురువు నాకు తలుపులు వేసి చూపించాడు. వీళ్ళలో ఎవడికీ నేను చూపించలేదు. నా తర్వాత ఎవడికి ఇవ్వాలో నాకు తెలుసు."

మా ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు ఇంటికి వెళ్ళు" అన్నారు, నాతో ఎప్పుడూ అనని గొంతుతో. "గురువుగారి ముందు ఇదేంటి?"

"మీ గురువుగారి పరువు నలభై ఆరు కిలోల కంటే బరువా?" అన్నాను. "నాలుగు వారాలుంది మీకు. వాసన చూశాను, జేబులు చూశాను, ఇవాళ దొంగలా సందులో నిలబడి మీ నోరు చూశాను. సిగ్గంతా అక్కడే వదిలేసి వచ్చాను. చూపించేదాకా కదలను."

ఆయన చేతిలో పట్టీని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయారు. ఆ నిదానం చూసి నాకు ప్రాణం పోతోంది. చివరికి తలెత్తి, "చూపించండి గురువుగారూ" అన్నారు.

ఇరవై రెండేళ్ళలో గురువుగారిని ఆయన అడిగిన మొదటి కోరిక అదేనట. గురువుగారు కాసేపు ఆయన్నే చూసి వెనక గదిలోకి నడిచారు. తలుపు వెయ్యలేదు.

గదిలో ఒక కుళాయి, తొట్టి, అరలో మూడు జాడీలు. గురువుగారు అడుగు అర నుంచి సంచి తీసి గిన్నెలోకి ఒంపారు. తెల్లటి మైదా.

"అదిగో!" అని అరిచాను.

"తొందరపడకు. మొదలు చూసి చెప్పకు, చివరిదాకా చూడు" అన్నారు. పిండిని నీళ్ళతో గట్టి ముద్ద చేశారు. ఆ ముద్దని కుళాయి కింద పట్టి పిసకడం మొదలుపెట్టారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు పాలలా తెల్లగా కారి తొట్టిలోకి పోతున్నాయి.

"చూశావా, పిండి ఎలా పోతోందో? పురుగు పట్టేది దీనికే. మామూలు వాళ్ళు ఈ పిండినే ఉడకబెట్టి వాడతారు. అందుకే వాళ్ళ పని పదేళ్ళకి చిల్లులు పడుతుంది. నేను నీళ్ళు తేటపడేదాకా కడుగుతాను. అరగంట పడుతుంది. ఒక్క రేణువు మిగలనివ్వను."

ఆయన గొంతులో గర్వం ఉంది. ఆ పనితనం చూస్తే నాకూ ముచ్చటేసేది, ఇంకే రోజైనా. పాలనీళ్ళు పలచబడ్డాయి, తర్వాత తేటపడ్డాయి. గురువుగారు కుళాయి కట్టేసి అరచెయ్యి చాపారు. అందులో బూడిదరంగు ముద్ద మిగిలింది. రెండు చేతుల్తో లాగితే తెగకుండా మూరెడు సాగింది.

"దీన్ని జాడీలో పులియబెడితే పలచబడుతుంది. కాగితానికి పూసి ఆరబెడతాను. నాలుక తడి తగిలితే చాలు, పట్టేస్తుంది. ఇప్పుడు చెప్పమ్మా. ఇందులో పిండి ఉందా?"

లేదు. పిండి లేదు. జబ్బు పేరు చెప్పిన రోజున డాక్టరమ్మ, గ్లూటెన్ అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి ఒక మాట చెప్పింది. పిండి ముద్దని నీళ్ళ కింద పట్టి పిసుకుతూ ఉంటే తెల్లదంతా కొట్టుకుపోయి, ఆఖరున చేతిలో రబ్బరులా సాగేది ఒకటి మిగులుతుందమ్మా, మీ ఆయనకి పడనిది అదే అని.

ఆ మాట పైకి చెప్పాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

గురువుగారు చేతిలో ముద్ద వైపు చూశారు. "ఇదా?" అన్నారు. "పిండి కాదా? ఇదా?"

"అదే."

"నేను ఒట్టేసి చెప్పానే..." ఆయన తొట్టి గట్టు మీద చతికిలబడ్డారు. మా ఆయన వైపు చూడలేక కిందికి చూస్తూ మాట్లాడారు. "వీడు మొదట్లో స్పాంజితో తడిపేవాడు. స్పాంజి తడి ఎక్కువై పొర ఉబ్బుతుందిరా, నాలుక తడే సరిగ్గా ఉంటుందని నేనే చెప్పాను. వినకపోతే చేతి మీద కొట్టాను. నోటిని మూడో చెయ్యి అనుకోమని నేనే నేర్పాను."

"మీకు తెలియదు కదా గురువుగారూ" అన్నారు మా ఆయన.

పెద్దాయన లేచి మూడు జాడీలూ ఒకదాని తర్వాత ఒకటి తొట్టిలో ఒంపేశారు. పుల్లటి కంపు గదంతా నిండింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి జరిగింది చెబితే అత్తగారు ముందు బావురుమన్నారు, ఆ తర్వాత డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఆ నాలుగూ నేనే తిన్నానే. నాకు చక్కెర జబ్బు ఉందిగా, నువ్వు అరుస్తావని నువ్వు కూరగాయలకి వెళ్ళినప్పుడు తిన్నాను. వాణ్ణి అంటుంటే నోరు పెగల్లేదు." ఇంట్లో ఎవరో ఒకరు నిజం దాస్తున్నారన్న డాక్టరమ్మ మాట అలా నిజమైంది. నవ్వు రాలేదు నాకు. ఆవిణ్ణి ఒక్క మాటా అనలేదు, అనే అర్హత నాకెక్కడిది?

డాక్టరమ్మ గడువుని మూడు నెలలకి పొడిగించింది. గోధుమ లేదని కంపెనీ రాసి ఇచ్చిన పట్టీలు తెప్పించారు. తడిపిన ఉన్ని గుడ్డ మీద ఆ పట్టీని ఒక్కసారి అద్ది వాడమని గురువుగారు పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి నేర్పారు. మా ఆయన పెదాలు తెలియకుండానే తెరుచుకునేవట. రోజుకి పది పొరలు ఉబ్బి పాడయ్యేవి. మా ఆయన ఇంటికి వచ్చి తలదించుకుని కూర్చునేవారు. నేనేం అనగలను? అన్నం వడ్డించేదాన్ని. ఆ మూడు నెలలూ నాకు నిద్రంటే ఏంటో తెలియదు. బంకది కాదేమో, నిజంగానే చెయ్యి దాటిపోయిందేమో అన్న భయం ఒక్క రోజు కూడా నన్ను వదల్లేదు.

పరీక్ష రోజున డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. అంకె అరవై నాలుగు. బరువు యాభై.

"దిగుతోంది" అంది. "ఇంకా దిగుతుంది. పెద్ద మందులు అక్కర్లేదు." ఆ తర్వాత కలం మూసి ఆయన వైపు తిరిగింది. "మీ మాట నేను నమ్మలేదు. నన్ను క్షమించండి."

"పర్లేదండీ" అన్నారు ఆయన. నా వైపు చూడలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క ఆయన, ఇటు నేను. రెండు స్టాపులు దాటాక అనేశాను.

"నన్ను తిట్టండి. కనీసం ఒక్క మాట అనండి. నేను మిమ్మల్ని నమ్మలేదు."

ఇంకో స్టాపు వెళ్ళిపోయింది.

"నిన్నేమని తిట్టను?" అన్నారు. "నేనే నన్ను నమ్మలేదు."

"అంటే?"

"నువ్వంత గట్టిగా అంటుంటే, డాక్టరమ్మ కూడా అంటుంటే... నిద్రలో లేచి తింటున్నానేమో అనుకున్నాను. కొంతమందికి అలా ఉంటుందట, పొద్దున గుర్తుండదట. ఆ బిస్కట్లు పోయిన రోజున ఇక నేనేనని ఖాయం చేసుకున్నాను."

ఆ పొద్దున రెండోసారి "నేను కాదు" అన్నప్పుడు ఆయన గొంతు ఎందుకు తగ్గిందో అప్పుడు తెలిసింది నాకు. దాన్నే కదా పట్టుకుని నిలదీశాను.

"అంతకు ముందు నెల రోజులు కనిపెట్టుకుని చూశాను" అన్నారు ఆయన. "మీరిద్దరూ పడుకున్నాక వంటింటి తలుపుకీ గుమ్మానికీ కలిపి షెడ్డు నుంచి తెచ్చిన పట్టీ ఒకటి అంటించేవాణ్ణి. అందరికంటే ముందు లేచి, చిరిగిందేమో చూసుకుని తీసేసేవాణ్ణి. ఒక్క రోజు కూడా చిరగలేదు, ఆ బిస్కట్లు పోయిన రోజున కూడా. నిద్రలో చింపి నేనే కొత్తది అంటించానేమో అనుకునేవాణ్ణి. అయినా మళ్ళీ రాత్రికి అంటించేవాణ్ణి."

ఆ పట్టీని దేనితో తడిపారని అడగబోయి, ఆయన పెదాల వైపు చూసి ఆగిపోయాను. మా స్టాపు వచ్చింది. ఆయన ముందు దిగి నాకు చెయ్యి అందించారు.